చిన్న చార్టర్ మిడిల్ స్కూల్లో ఎవరు చేరుతున్నారు, ఎవరు మిగులుతున్నారు

అమెరికాలో చార్టర్ స్కూల్ (ప్రభుత్వ డబ్బుతో స్వతంత్ర బోర్డు నడిపే బడి) సీటుకి ఫీజు కట్టక్కర్లేదు, సాధారణంగా ప్రవేశ పరీక్ష కూడా ఉండదు. సీట్ల కన్నా దరఖాస్తులు ఎక్కువొస్తే లాటరీ తీస్తారు. ఇంతకన్నా న్యాయమైన పద్ధతి ఏముంటుంది అనిపిస్తుంది. డబ్బున్న ఇళ్ల పిల్లలు, లేని ఇళ్ల పిల్లలు, నల్లవాళ్లు, తెల్లవాళ్లు, ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్లు, మనవాళ్లు, అందరూ కలగలిసి వస్తారు కదా అనుకుంటాం. లెక్కలు అలా లేవు. 2014-15 విద్యా సంవత్సరం వివరాలను అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ 2017లో పరిశీలించింది. దాదాపు పిల్లలంతా, అంటే 99 శాతం మందైనా, శ్వేతేతరులే ఉన్న స్కూళ్లు మామూలు ప్రభుత్వ స్కూళ్లలో 4 శాతం ఉంటే, చార్టర్లలో 17 శాతం ఉన్నాయి.

లాటరీ చాలావరకు నిజాయితీగానే జరుగుతుంది. తేడా వచ్చేది అటూ ఇటూ. అసలు ఏ పిల్లల పేర్లు లాటరీ దాకా వచ్చాయి, సీటు వచ్చినవాళ్లలో ఎవరు నిజంగా చేరారు, చేరినవాళ్లలో ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఎవరు ఉన్నారు అన్నవే స్కూల్లో పిల్లల కూర్పుని తేలుస్తాయి. పెద్ద స్కూల్లో ఈ హెచ్చుతగ్గులు ఒకదానికొకటి కొంత సర్దుకుంటాయి. 150 మందో 200 మందో ఉండే చిన్న మిడిల్ స్కూల్లో మాత్రం నాలుగు కుటుంబాలు తీసుకున్న నిర్ణయం కూడా శాతాల్లో కనిపిస్తుంది. అందుకే ఈ చిన్న స్కూళ్లని విడిగా చూడాల్సిన అవసరం ఉంది.

చార్టర్ అంటే ప్రైవేటు స్కూల్ అని మనవాళ్లలో చాలామంది అనుకుంటారు. నడిచేది ప్రభుత్వ డబ్బుతోనే. నడిపేది మాత్రం స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు మామూలు ప్రభుత్వ స్కూళ్లని నడిపే స్థానిక సంస్థ) కాదు, ఒక స్వతంత్ర బోర్డు. ఎయిడెడ్ స్కూళ్లు తెలిసినవాళ్లకి ఈ ఏర్పాటు మరీ కొత్తగా అనిపించదు. ఫలానా విధంగా చదువు చెబుతాం, ఫలానా ఫలితాలు చూపిస్తాం అని బోర్డు రాసిస్తే, డిస్ట్రిక్టో కౌంటీయో రాష్ట్రమో కొన్నేళ్లకి అనుమతి ఇస్తుంది. మాట నిలబెట్టుకోకపోతే గడువు తీరాక రెన్యువల్ దొరకదు. 1988లో ఉపాధ్యాయ సంఘం నాయకుడు ఆల్బర్ట్ షాంకర్ ఈ ఆలోచనని దేశం ముందు పెట్టారు. 1991లో మిన్నెసోటా మొదటి చట్టం చేసింది, మరుసటి ఏడాది సెయింట్ పాల్‌లో సిటీ అకాడమీ తెరుచుకుంది, అదే ఏడాది కాలిఫోర్నియా రెండో చట్టం తెచ్చింది. 2021 నాటికి సుమారు 37 లక్షల మంది పిల్లలు చార్టర్లలో చదువుతున్నారు. ప్రభుత్వ స్కూళ్ల పిల్లల్లో వీళ్లు దాదాపు 7 శాతం.

మొత్తం మీద చూస్తే చార్టర్లలో లాటినో, నల్లజాతి పిల్లల వాటా మామూలు ప్రభుత్వ స్కూళ్లలో కన్నా ఎక్కువే. కాబట్టి చార్టర్ వ్యవస్థలో వైవిధ్యం లేదని ఎవరైనా అంటే అది పొరపాటు. ప్రశ్నంతా ఒక్కో స్కూలు గోడల మధ్య ఈ పిల్లలు కలిసి కూర్చుంటున్నారా అన్నదే. అర్బన్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, చార్టర్లే లేకపోతే డిస్ట్రిక్టుల లోపలి జాతి విభజన సగటున 5 శాతం తగ్గుతుంది. అంటే ప్రభావం ఉంది గానీ చిన్నదే. ఆ సగటు వెనక ఒకదానికొకటి పోలిక లేని స్కూళ్లు వేలల్లో ఉన్నాయి.

ప్రతి ఏడూ మూడో వంతు కొత్తవాళ్లు

మిడిల్ స్కూల్ అంటే ఎక్కువ చోట్ల ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు. పిల్లల వయసు 11 నుంచి 14. ఎలిమెంటరీ చార్టర్‌కి ఒక సౌకర్యం ఉంది: కిండర్‌గార్టెన్‌లో చేరిన పిల్ల ఐదో తరగతి దాకా, ఆరేళ్లు, అక్కడే ఉంటుంది. మిడిల్ స్కూల్‌కి ఆ వీలు లేదు. ప్రతి జూన్‌లో మూడో వంతు మంది వెళ్లిపోతారు, ఆగస్టుకల్లా అంతమందిని కొత్తగా వెతుక్కోవాలి. రెండేళ్లు వరసగా ఆరో తరగతి సరిగ్గా నిండకపోతే స్కూల్లో మూడు తరగతుల్లో రెండు బోసిపోతాయి.

పైగా ఆ పిల్లలు అప్పటికే ఎక్కడో ఒక చోట చదువుతున్నవాళ్లు. డిస్ట్రిక్ట్ ఎలిమెంటరీ స్కూల్లో ఐదో తరగతి అయిన పిల్లకి డిస్ట్రిక్ట్ మిడిల్ స్కూల్లో సీటు ఎటూ ఉంటుంది, ఎవరూ ఏమీ చెయ్యకపోయినా అక్కడికి వెళ్తుంది. ఎనిమిదో తరగతి దాకా ఒకే స్కూల్ ఉన్నచోట అసలు కదలాల్సిన పనే లేదు. చార్టర్‌కి రావాలంటే తల్లిదండ్రులు పని గట్టుకుని నిర్ణయించుకోవాలి. 11 ఏళ్ల పిల్లకి స్నేహితులే లోకం. కాబట్టి ఆ నిర్ణయం చాలాసార్లు ఒంటరిగా జరగదు. ఒకే క్లాసులో చదివిన నలుగురు పిల్లల అమ్మలు వాట్సాప్‌లో మాట్లాడుకుని కలిసి అప్లై చేస్తారు. అలా ఒక ఎలిమెంటరీ స్కూల్ నుంచి గుంపుగా వస్తారు, పక్కనే ఉన్న ఇంకో స్కూల్ నుంచి ఒక్కరూ రారు. చుట్టూ ఉన్న ఎలిమెంటరీ స్కూళ్లు జాతిపరంగా, ఆదాయపరంగా ముందే విడిపోయి ఉంటే ఆ విభజనే కొత్త స్కూల్లోకి నడిచొస్తుంది.

శాతాలు చెప్పనివి

ఒక స్కూలుని ఊహించుకుందాం. ఆరో తరగతిలో 60 సీట్లు, మొత్తం 180 మంది. అప్లై చేసినవాళ్లలో 30 శాతం తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలు. ఎవరి ప్రమేయం లేకుండా లాటరీ తీస్తే సగటున 18 మంది అలాంటి పిల్లలు రావాలి. కానీ సంభావ్యత లెక్క వేస్తే, ఇరవైసార్లు లాటరీ తీస్తే దాదాపు పంతొమ్మిదిసార్లు ఆ సంఖ్య 11కీ 25కీ మధ్య ఎక్కడైనా పడొచ్చు. అంటే ఒక ఏడాది 18 శాతం, ఇంకో ఏడాది 42 శాతం. స్కూలు తన పద్ధతిలో వీసమెత్తు మార్పు చెయ్యకపోయినా సరే. అదే 600 సీట్లున్న చోట ఈ ఊగిసలాట 26 శాతానికీ 34 శాతానికీ మధ్యే ఉంటుంది.

కాబట్టి చిన్న స్కూల్లో ఒక్క ఏడాది అంకె పట్టుకుని 'వైవిధ్యం పెరిగింది', 'తగ్గింది' అని తీర్పు చెప్పేవాళ్లని నమ్మకూడదు. కనీసం మూడు నాలుగేళ్ల అంకెలు పక్కపక్కన పెట్టాలి, శాతంతో పాటు అసలు పిల్లల సంఖ్య చూడాలి. ఒక వర్గం వాటా 6 శాతం నుంచి 3 శాతానికి పడిపోయింది అంటే భయంగా ఉంటుంది. 180 మందిలో అది 11 మంది కాస్తా 5 మంది కావడం, అంటే బహుశా రెండు మూడు కుటుంబాలు ఊరు మారడం.

చిన్న సంఖ్యలతో ఇంకో చిక్కు కూడా ఉంది. పిల్లల వివరాలు బయటపడకుండా కాపాడాలి కాబట్టి రాష్ట్రాలు చిన్న అంకెల్ని దాచేస్తాయి. కాలిఫోర్నియాలో 11 మంది కన్నా తక్కువ ఉన్న వర్గం పరీక్ష ఫలితాలున్న చోట నక్షత్రం గుర్తు కనిపిస్తుంది. ఒక వర్గం ఫలితాలకు స్కూలు ప్రత్యేకంగా జవాబుదారీ కావాలంటే చాలా వర్గాలకి కనీసం 30 మంది పిల్లలుండాలి. 180 మంది స్కూల్లో నల్లజాతి పిల్లలు 9 మందే ఉంటే వాళ్ల చదువు ఎలా సాగుతోందో బయటివాళ్లు ఎవరూ చూడలేరు. ఏ పిల్లల గురించి సమాజం ఎక్కువ పట్టించుకోవాలో సరిగ్గా ఆ పిల్లలే పట్టికలో కనబడరు. గోప్యత అవసరమే, అందులో అనుమానం లేదు. కానీ నక్షత్రం గుర్తు వెనక ఉన్నవాళ్ల సంగతి స్కూల్ బోర్డయినా అడిగి తెలుసుకోవాలి.

లాటరీకి ముందు

అప్లికేషన్ ఫారం చూస్తే అందులో దాచడానికి ఏమీ ఉండదు. పేరు, పుట్టిన తేదీ, చిరునామా, ఏ తరగతికి, తోబుట్టువులు ఇదే స్కూల్లో ఉన్నారా. ఐదు నిమిషాల పని. కష్టమంతా ఆ ఫారం ఉందని తెలియడంలో, గడువులోపు పంపడంలో ఉంది. ఆగస్టులో మొదలయ్యే తరగతికి గడువు చాలా చోట్ల శీతాకాలంలోనో వసంతం మొదట్లోనో ముగుస్తుంది. న్యూయార్క్‌లో ఏప్రిల్ 1. మేలోనో జూన్‌లోనో ఊళ్లోకి వచ్చిన వలస కుటుంబానికి అప్పటికే వెయిట్‌లిస్ట్ చివర నిలబడటం తప్ప దారి ఉండదు. తల్లిదండ్రులకి స్కూలు చూపించే ఓపెన్ హౌస్ సాయంత్రం ఆరున్నరకి పెడితే రాత్రి షిఫ్ట్ చేసే తల్లి రాలేదు. వెబ్‌సైట్ ఇంగ్లీషులోనే ఉంటే ఇంగ్లీషు రాని అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్ల సంగతి అంతే.

సీటొచ్చాక రిజిస్ట్రేషన్ కాగితాలు మొదలవుతాయి: బర్త్ సర్టిఫికెట్, టీకాల రికార్డు, చిరునామా రుజువుగా కరెంటు బిల్లో అద్దె ఒప్పందమో. ఒకే అపార్ట్‌మెంట్‌లో రెండు కుటుంబాలు సర్దుకుని ఉంటున్నప్పుడు బిల్లు ఒకరి పేరునే ఉంటుంది. ఆ రెండో కుటుంబానికి చట్టం అండగానే ఉంది. ఇల్లు లేకనో అద్దె భారం మొయ్యలేకనో ఇతరులతో కలిసి ఉంటున్న పిల్లలను కాగితాలు లేకపోయినా వెంటనే చేర్చుకోవాలని 1987 నాటి మెకినీ-వెంటో చట్టం ఆధారంగా వచ్చిన నిబంధనలు చెబుతాయి. వలస హోదా కారణంగా ఏ పిల్లనీ ప్రభుత్వ బడి నుంచి తిప్పి పంపకూడదని 1982లోనే సుప్రీంకోర్టు తేల్చింది. కానీ ఈ సంగతి ఆ తల్లికి తెలియాలి, ఆఫీసు కౌంటర్‌లో కూర్చున్నవాళ్లకీ తెలియాలి. బిల్లు తీసుకుని రేపు రండి అని మామూలుగా అన్న మాటతోనే ఒక పిల్ల జారిపోతుంది. ఆ సంగతి ఏ పట్టికలోనూ నమోదు కాదు.

కొన్ని చోట్ల అడ్డంకులు ఇంత అమాయకంగా ఉండేవి కావు. 2016లో పౌరహక్కుల సంస్థ అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్ దక్షిణ కాలిఫోర్నియా శాఖ, పబ్లిక్ అడ్వొకేట్స్ అనే సంస్థ కలిసి కాలిఫోర్నియా చార్టర్ల ప్రవేశ నియమాలు చదివితే కనీసం 253 స్కూళ్లలో అభ్యంతరకరమైన షరతులు కనిపించాయి. రాష్ట్రంలోని చార్టర్లలో ఐదో వంతుకు పైనే. మార్కులు చూడటం, వ్యాసం రాయమనడం, తల్లిదండ్రులు ఇన్ని గంటలు స్కూల్లో ఉచితంగా పని చెయ్యాలనడం లాంటివి. 2019లో రాష్ట్రం చట్టాన్ని గట్టిపరిచింది. చేరకముందే పిల్లల రికార్డులు అడగకూడదు, ఏ కారణంతోనైనా సరే చేరవద్దని నిరుత్సాహపరచకూడదు. జాతి వైవిధ్యమే కాకుండా ప్రత్యేక అవసరాలున్న పిల్లలు, ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లల విషయంలోనూ డిస్ట్రిక్ట్ జనాభాకి తగ్గ సమతూకం ఎలా సాధిస్తారో స్కూలు అనుమతి కోసం పెట్టే పిటిషన్‌లోనే రాయాలి. మంచి చట్టమే. అయితే 'ఎలా సాధిస్తాం' అని రాయడం వేరు, సాధించడం వేరు.

అన్నిటికన్నా పెద్ద జల్లెడ రవాణా. పసుపు బస్సు నడపాల్సిన బాధ్యత చాలా రాష్ట్రాల్లో చార్టర్లకి డిస్ట్రిక్ట్ స్కూళ్లకి ఉన్నట్టుగా ఉండదు. నార్త్ కరోలినాలో, అంటే మన తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ కేరీ, మోరిస్‌విల్ ఉన్న రాష్ట్రంలో, డిస్ట్రిక్ట్ తరహాలో బస్సులు నడపాలనో మధ్యాహ్న భోజనం పెట్టాలనో చార్టర్లని చట్టం కట్టడి చెయ్యదు. ఉదయం ఎనిమిదింటికి దింపి, మూడింటికి ఎక్కించుకోవాలి. ఇద్దరూ ఉద్యోగాలు చేసినా ఇంటి నుంచి పని చేసే వీలున్న ఇంట్లో ఇది ఇబ్బందే గానీ అసాధ్యం కాదు. మనవాళ్లు నలుగురు కలిసి కార్‌పూల్ పెట్టుకుంటారు. గంటకింత అని జీతం తీసుకునే తల్లికి, స్కూల్లో పెట్టే ఉచిత భోజనం మీద ఆధారపడ్డ ఇంటికి, ఆ స్కూలు లాటరీలో పేరు ఇవ్వడమే అనవసరం అనిపిస్తుంది. బస్సు లేని స్కూలు వైవిధ్యం కావాలని ఎంత అన్నా ఆ మాటకి బలం ఉండదు.

లాటరీని కొంచెం వంచినవాళ్లు

చార్టర్ లాటరీలో అందరి అవకాశాలూ నిజానికి సమానం కావు. ఇప్పటికే చదువుతున్న పిల్లల తోబుట్టువులకి ముందు సీటు, స్కూల్ సిబ్బంది పిల్లలకి కొన్ని, డిస్ట్రిక్ట్‌లో ఉండేవాళ్లకి ప్రాధాన్యం. తోబుట్టువుల నియమం లేకపోతే తల్లి ఇద్దరు పిల్లలని రెండు దిక్కులకి దింపాలి, కాబట్టి దాన్ని తప్పుపట్టలేం. కానీ 60 సీట్లలో 20 తోబుట్టువులకే పోతే మొదటి ఏడాది కూర్పే తర్వాత వచ్చే తరగతులకీ అచ్చుపడుతుంది. స్కూలు తెరిచిన మొదటి రెండేళ్లలో ఎవరు చేరారన్నది పదేళ్లపాటు వెంటాడుతుంది.

ఎదురు దిశలో వంచిన స్కూళ్లూ ఉన్నాయి. జాతిని చూసి సీటివ్వడం కుదరదు: సియాటిల్, లూయివిల్ స్కూళ్ల కేసులో 2007లో సుప్రీంకోర్టు ఒక్కో విద్యార్థి జాతిని బట్టి సీటు కేటాయించడాన్ని కొట్టేసింది. కాలిఫోర్నియాలో అయితే 1996లో ప్రజలు ఓటేసి ఆమోదించిన ప్రపొజిషన్ 209 ముందే ఆ దారి మూసింది. అందుకని శాన్ డియెగోలో 2000లో మొదలైన 'హై టెక్ హై' అనే చార్టర్ స్కూళ్లు జిప్ కోడ్‌ని (మన పిన్ కోడ్ లాంటిది) ఆధారం చేసుకున్నాయి. ఊళ్లోని వేర్వేరు ప్రాంతాలకి సీట్లు పంచితే, ఆ ప్రాంతాల్లో ఎవరుంటున్నారన్నదాన్ని బట్టి పిల్లలు కలుస్తారు. ఇళ్లు విడిపోయి ఉన్నాయన్న చేదు నిజాన్నే పిల్లలని కలపడానికి వాడుకున్నారు. 2014లో కేంద్ర విద్యాశాఖ తన గ్రాంటు తీసుకునే చార్టర్లు కూడా వెనకబడ్డ పిల్లలకి అదనపు అవకాశమిచ్చే వెయిటెడ్ లాటరీ వాడుకోవచ్చని స్పష్టం చెయ్యడంతో ఈ పద్ధతికి ఊతం దొరికింది.

రోడ్ ఐలండ్‌లోని బ్లాక్‌స్టోన్ వ్యాలీ ప్రెప్ ఇంకా ముందుకి వెళ్లింది. 2009లో మొదలైన ఈ చార్టర్ నాలుగు ఊళ్ల నుంచి పిల్లలని తీసుకుంటుంది. సెంట్రల్ ఫాల్స్, పాటకెట్ కార్మికులు, వలస కుటుంబాలు ఎక్కువున్న పట్టణాలు. సెంట్రల్ ఫాల్స్ 2011లో దివాలా పిటిషన్ వేసిన ఊరు. కంబర్లండ్, లింకన్ సొంతిళ్లున్న శివారు ఊళ్లు. మామూలుగా అయితే ఈ పిల్లలు నాలుగు వేర్వేరు డిస్ట్రిక్టుల్లో చదివి, ఒకరి మొహం ఒకరు చూడకుండానే పెరిగేవాళ్లు. డిస్ట్రిక్ట్ సరిహద్దు దాటడం మామూలు ప్రభుత్వ స్కూల్‌కి దాదాపు అసాధ్యం, చార్టర్‌కి సాధ్యం. చార్టర్ విధానానికి సమాజ పరంగా ఉన్న అతి పెద్ద బలం ఇదే, కానీ వాడుకున్నవాళ్లు కొద్దిమందే. 2018లో సెంచురీ ఫౌండేషన్ అనే పరిశోధన సంస్థ ఐదు వేల పైచిలుకు చార్టర్లను జల్లెడ పడితే, కావాలని వైవిధ్యం కోసం రూపొందించినవి 125 తేలాయి.

ఒక్క చిన్న స్కూలు ఎంత తాపత్రయపడ్డా చెయ్యలేని పని ఒకటుంది. బ్రుక్లిన్‌లోని డిస్ట్రిక్ట్ 15లో పార్క్ స్లోప్ లాంటి సంపన్న పేట, సన్‌సెట్ పార్క్, రెడ్ హుక్ లాంటి శ్రామిక పేటలు కలిసే ఉన్నాయి. అక్కడి 11 డిస్ట్రిక్ట్ మిడిల్ స్కూళ్లలో చాలావాటికి మార్కులు, హాజరు చూసి పిల్లలని ఎంచుకునే అలవాటు ఉండేది. 2018లో ఆ వడపోతలన్నీ ఎత్తేసి, 2019 నుంచి ప్రతి స్కూల్లో 52 శాతం సీట్లకి తక్కువ ఆదాయం, ఇంగ్లీషు నేర్చుకుంటున్న, ఇల్లు లేని పిల్లలకి ప్రాధాన్యమిచ్చే ఉమ్మడి లాటరీ పెట్టారు. 11 స్కూళ్లకీ ఒకే నియమం కాబట్టి, ఇది నచ్చకపోతే పక్క స్కూల్‌కి పోదాం అన్న దారి చాలావరకు మూసుకుపోయింది. ఒంటరి చార్టర్‌కి ఆ వెసులుబాటు లేదు. తన లాటరీని మాత్రమే మార్చుకోగలదు, చుట్టుపక్కల స్కూళ్లని మార్చలేదు.

చేరాక

వైవిధ్యం గురించిన చర్చలో అతి తక్కువ మాట్లాడే భాగం ఇది. మళ్లీ ఆ 60 మంది ఆరో తరగతినే తీసుకుందాం. అందులో 20 మంది తక్కువ ఆదాయ కుటుంబాల పిల్లలనుకుందాం, మూడో వంతు. రెండేళ్లలో 12 మంది వెళ్లిపోయారు, వాళ్లలో 8 మంది ఈ 20 మందిలోవాళ్లే. ఖాళీలు నింపలేదు. ఎనిమిదో తరగతిలో 48 మంది మిగిలితే అందులో తక్కువ ఆదాయ కుటుంబాలవాళ్లు 12, అంటే పాతిక శాతం. ఎవరూ ఎవరినీ గెంటలేదు. అద్దె పెరిగి ఒకరు ఊరు మారారు, కారు చెడిపోయి ఒకరు మానేశారు, వరసగా మూడుసార్లు సస్పెండ్ అయిన పిల్లాడి అమ్మ విసిగిపోయి పాత స్కూల్‌కి తీసుకెళ్లింది. ఎనిమిదో తరగతి పరీక్ష ఫలితాలు మాత్రం బ్రహ్మాండంగా కనిపిస్తాయి, ఎందుకంటే పోల్చేది ఆ 48 మందినే.

ఖాళీ అయిన సీటుని వెయిట్‌లిస్ట్ నుంచి నింపడాన్ని అక్కడ బ్యాక్‌ఫిల్ అంటారు. ఏడో తరగతి మధ్యలో వచ్చిన పిల్లకి స్కూలు పద్ధతులు తెలియవు, గణితంలో వెనకబడి ఉండొచ్చు, టీచర్లకి అదనపు పని. అయినా డిస్ట్రిక్ట్ స్కూలు ఏడాదిలో ఏ రోజు తలుపు తట్టినా చేర్చుకుంటుంది. ప్రజల డబ్బుతో నడిచే స్కూలు ఆ భారంలో తన వాటా మొయ్యాలి. ఊళ్లు మారుతూ ఉండే పిల్లలు ఎక్కువగా పేదవాళ్లే కాబట్టి, నింపని సీటు దాదాపు ఎప్పుడూ వాళ్లకి అందని సీటే.

చిన్న స్కూల్‌కి ఇందులో డబ్బు లెక్క కూడా ఉంది. కాలిఫోర్నియాలో నిధులు సగటు రోజువారీ హాజరుని బట్టి వస్తాయి. పది మంది పిల్లలు తగ్గితే దాదాపు ఒక టీచర్ జీతం పోయినట్టే. కానీ నిధుల సూత్రంలోనే ఒక మెలిక ఉంది. 2013లో వచ్చిన పద్ధతి ప్రకారం తక్కువ ఆదాయం, ఇంగ్లీషు నేర్చుకుంటున్న, ఫాస్టర్ కేర్‌లో (సొంత తల్లిదండ్రుల దగ్గర కాకుండా ప్రభుత్వ సంరక్షణలో) ఉన్న ప్రతి పిల్లకీ 20 శాతం అదనంగా ఇస్తారు. ఇలాంటివాళ్లు స్కూల్లో 55 శాతం దాటితే, దాటిన మేరకు ఇంకా పెద్ద అదనపు గ్రాంటు వస్తుంది. అవసరం ఎక్కువున్న చోట ఎక్కువ ఇవ్వడం ముమ్మాటికీ సబబే. అయితే సగం సగం కలిసి చదివే స్కూలుగా కావాలని రూపొందించుకున్న చార్టర్ 50 శాతం దగ్గర ఉండిపోతే, ఆ పెద్ద గ్రాంటులో ఒక్క డాలరూ రాదు. వైవిధ్యం కోసం శ్రమపడే స్కూల్‌కి, ఆ శ్రమకయ్యే ఖర్చు సొంతంగా భరించాల్సిన పరిస్థితి.

మన పిల్లలు ఏ గడిలో పడతారు

తెలుగు కుటుంబాలకి ఈ లెక్కలు దూరపు సంగతి కాదు. రిజిస్ట్రేషన్ ఫారంలో మన పిల్లలు 'ఏషియన్' గడిలో పడతారు. హైదరాబాద్ నుంచి వెళ్లిన సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ కూతురూ, భూటాన్ నుంచి శరణార్థిగా వచ్చిన నేపాలీ కుటుంబం కొడుకూ ఒకే అంకెలో కలిసిపోతారు. ఏ గడీ నింపకుండా వదిలేస్తే, కేంద్ర నిబంధనల ప్రకారం స్కూల్ సిబ్బందే పిల్లని చూసి నింపాలి. ఆ ఒక్క శాతం చూసి స్కూల్లో ఆర్థిక వైవిధ్యం గురించి ఏమీ చెప్పలేం.

ఇంకా ఆసక్తికరమైనది ఇంటి భాష ప్రశ్న. పిల్ల మొదట నేర్చుకున్న భాష ఏది, ఇంట్లో పెద్దవాళ్లు ఏ భాష మాట్లాడతారు అని ఫారం అడుగుతుంది. తెలుగు అని రాస్తే పిల్లకి ఇంగ్లీషు పరీక్ష పెడతారు. కాలిఫోర్నియాలో తొలిసారి చేరితే 30 రోజుల్లో. 'ఈఎస్ఎల్‌లో (ఇంగ్లీషు సరిగా రానివాళ్ల క్లాసులో) వేసేస్తారేమో' అన్న టెన్షన్‌తో మనవాళ్లలో కొందరు ఇంగ్లీష్ అని రాసేస్తారు. అలా రాయడం వల్ల పిల్లకి చట్టప్రకారం రావాల్సిన సాయం పోతుంది, స్కూలు లెక్కా తప్పుతుంది. నిజం రాసి, పిల్ల ఇంగ్లీషు నేర్చుకుంటున్న విద్యార్థిగా నమోదైతే, తండ్రి జీతం ఎంతైనా ఆమె కాలిఫోర్నియా అదనపు నిధుల లెక్కలో ఉంటుంది. పొలం కూలీ కొడుకూ ఆమే ఆ పట్టికలో ఒక్కటే.

మిడిల్ స్కూల్‌కొచ్చేసరికి ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లల అంకె ఇంకోలా తిరుగుతుంది. ఆరో తరగతిలో కూడా ఈ జాబితాలో ఉన్న పిల్లల్లో చాలామంది కొత్తగా వచ్చినవాళ్లు కాదు, అమెరికాలోనే ఐదారేళ్లు చదివి, ఇంగ్లీషు బాగా మాట్లాడుతూ, చదవడం రాయడంలో మాత్రం ఆగిపోయినవాళ్లు. స్కూలు వాళ్లకి శ్రద్ధగా నేర్పి పరీక్ష గట్టెక్కిస్తే వాళ్లు జాబితా నుంచి బయటపడతారు, స్కూలు శాతం తగ్గుతుంది. బయటినుంచి చూసేవాళ్లకి అది ఆ పిల్లలని దూరం పెట్టినట్టు కనిపిస్తుంది. అందుకే ప్రస్తుతం జాబితాలో ఉన్నవాళ్లని, గతంలో ఉండి బయటపడ్డవాళ్లని కలిపి చూస్తే తప్ప ఆ అంకెకి అర్థం లేదు.

ఇక ఒకే స్కూల్లో ఉన్నంత మాత్రాన కలిసి చదువుతున్నట్టు కాదు. మనవాళ్లకి బాగా తెలిసిన విషయం ఎనిమిదో తరగతిలో ఆల్జీబ్రా. పెద్ద స్కూల్లో అడ్వాన్స్‌డ్ మ్యాథ్ సెక్షన్లు మూడు నాలుగు ఉంటాయి. చిన్న స్కూల్లో ఒక్కటే. 60 మంది తరగతిని రెండు సెక్షన్లు చేసినప్పుడు, ఆల్జీబ్రా తీసుకున్న 28 మందికి రెండో పీరియడ్ మ్యాథ్ పెడితే మిగతా టైమ్‌టేబుల్ దాని చుట్టూనే అల్లుకుంటుంది. ఆ 28 మందే కలిసి సైన్స్‌కి వెళ్తారు, కలిసి ఇంగ్లీషుకి వెళ్తారు. బయట కోచింగ్ దొరికిన పిల్లలు ఒక గదిలో, దొరకనివాళ్లు ఇంకో గదిలో. వార్షిక నివేదికలో ఆ స్కూలు వైవిధ్యం చక్కగా ఉంటుంది. దీన్ని సరిదిద్దడానికి టైమ్‌టేబుల్ వేసేవాళ్లు మ్యాథ్ తర్వాత పిల్లలని మళ్లీ కలపాలి. కష్టమే గానీ చెయ్యదగ్గ పని. తెలుగు తల్లిదండ్రులు ఆల్జీబ్రా సెక్షన్ కోసం అడిగినంత గట్టిగా దీని కోసం కూడా అడిగితే బాగుంటుంది.

లాటరీ లేని రోజులు

ఇప్పటిదాకా చెప్పినదంతా సీట్ల కన్నా దరఖాస్తులు ఎక్కువన్న లెక్కమీద. ఆ రోజులు చాలా ఊళ్లలో పోతున్నాయి. అమెరికాలో 2007లో సుమారు 43 లక్షల మంది పిల్లలు పుట్టారు, అదే శిఖరం. వాళ్లు ఆరో తరగతికి వచ్చింది 2018-19 ప్రాంతంలో. 2020లో పుట్టినవాళ్లు సుమారు 36 లక్షలు, వాళ్లు ఆరో తరగతికి వచ్చేది 2031-32లో. అప్పటిదాకా మిడిల్ స్కూళ్లకొచ్చే పిల్లలు మొత్తమ్మీద తగ్గుతూనే ఉంటారు. ఇళ్ల ధరలు పెరిగి చిన్న పిల్లలున్న కుటుంబాలు తరలిపోతున్న కోస్తా నగరాల్లో దెబ్బ ఇంకా గట్టిది. డిస్ట్రిక్టులు స్కూళ్లు మూసేస్తున్నాయి, సీట్లు ఖాళీగా ఉన్న చిన్న చార్టర్లు అప్లై చేసిన ప్రతి పిల్లనీ చేర్చుకుంటున్నాయి.

అప్లై చేసిన అందరికీ సీటొచ్చే చోట వెయిటెడ్ లాటరీకి పని లేదు, జిప్ కోడ్ కోటాకి అర్థం లేదు. అలాంటి స్కూల్లో ఐదో తరగతి పిల్లల ఇళ్లకి కబురు వెళ్లిందా, స్పానిష్‌లోనో అరబిక్‌లోనో ఫోనెత్తి మాట్లాడేవాళ్లు ఆఫీసులో ఉన్నారా, బస్సో వ్యానో ఉందా, జనవరిలో వచ్చిన పిల్లకి సీటిస్తారా అన్నవే మిగులుతాయి. ఇవన్నీ డబ్బుతో కూడుకున్న పనులు, తీరిక ఉన్నప్పుడు ప్రిన్సిపాల్ ఒక్కరే చూసుకుంటే అయ్యేవి కావు. వీటికి బోర్డు బడ్జెట్‌లో విడిగా పద్దు ఉండాలి, ఆరో తరగతి లెక్క తేలే అక్టోబరులో దాని ఫలితం ఏమిటో బోర్డు మీటింగ్‌లో అడగాలి.